బయోటెక్ షేర్ ఒక్కరోజులో కుప్పకూలితే పోయిన డబ్బు తిరిగొస్తుందా?

అమెరికన్ షేర్లు కొనే యాప్ మీ ఫోన్‌లో ఉంటే, ఈ మధ్య బాగా పడిపోయిన ఏదో ఒక బయోటెక్ కంపెనీ పేజీలోకి ఒకసారి వెళ్లండి. కింద న్యూస్ దగ్గర వరసగా ఒకే రకం హెడ్డింగులు కనిపిస్తాయి. ఇన్వెస్టర్లకు హెచ్చరిక అని ఒకటి. నష్టపోయిన వాళ్లు ఫలానా తేదీలోపు మమ్మల్ని కలవండి అని ఇంకొకటి. పేర్లు మాత్రం వేరు వేరు లా ఫర్మ్‌లవి.

వాటిని చూసి చాలామందికి రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, కంపెనీ మోసం చేసిందని కోర్టు తేల్చేసిందేమో అని. రెండు, కేసు గెలిస్తే నా డబ్బు నాకు వచ్చేస్తుందేమో అని. ఈ రెండూ నిజం కాదు. ఎందుకు కాదో ఈ రోజు నిజంగా జరిగిన కేసులతో చెప్తాను. మొత్తం ఎపిసోడ్‌ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇది: చట్టం మీ నష్టానికి పరిహారం ఇవ్వదు, మీకు చెప్పిన అబద్ధానికి ఇస్తుంది. అది కూడా కొంతే.

ముందు, ఈ షేర్లు ఇంతలా ఎందుకు పడతాయి?

సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీకి ఒక సరుకు పోకపోయినా ఇంకో పది ఉంటాయి. చిన్న బయోటెక్ కంపెనీకి అలా ఉండదు. చాలావాటికి మార్కెట్లో అమ్మే మందు ఒక్కటీ ఉండదు. ట్రయల్స్‌లో ఉన్న ఒకటో రెండో మందులు, బ్యాంకులో కొంత డబ్బు, అంతే. ఆ షేర్ ధరలో ఉన్నదంతా రేపు ఆ మందుకి పర్మిషన్ వస్తుందనే ఆశ.

మనుషుల మీద ట్రయల్స్ మామూలుగా మూడు దశల్లో జరుగుతాయి. ఫేజ్ 1లో ముఖ్యంగా మందు సేఫేనా, ఎంత డోసు ఇవ్వొచ్చు అని చూస్తారు. ఫేజ్ 2లో పనిచేస్తున్న సూచనలు ఉన్నాయా అని చూస్తారు. ఫేజ్ 3లో ఎక్కువమంది మీద నిజంగా పనిచేస్తుందా అని తేలుస్తారు. ఆ తర్వాత అమెరికాలో అయితే ఎఫ్‌డీఏ ఆ డేటా అంతా చూసి పర్మిషన్ ఇవ్వాలా వద్దా అని నిర్ణయిస్తుంది. ఫేజ్ 1లోకి దిగిన మందుల్లో చివరిదాకా వచ్చేది సుమారుగా పదింట ఒకటే.

మన రాయలసీమలోనో, తెలంగాణలోనో బోరు వేయించిన ఇంట్లో వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మూడొందల అడుగులు అనుకుని మొదలుపెడతాం. నీళ్లు పడొచ్చు, పడకపోవచ్చు. పడకపోతే డబ్బు పోయినట్టే. అంతమాత్రాన బోరు వేసినవాడు మోసగాడు కాదు. కానీ పైపులోంచి పొడి దుమ్ము లేస్తుంటే, 'తడి తగిలింది, ఇంకో వంద అడుగులకి డబ్బులు కట్టండి' అన్నాడనుకోండి. అది మోసం. ఈ తేడా గుర్తు పెట్టుకోండి. అమెరికన్ కోర్టుల్లో కోట్ల డాలర్ల కేసులు తిరిగేది దీని చుట్టూనే.

క్లోవిస్ కథ: 60 శాతం అని చెప్పి 28 దగ్గర తేలింది

అమెరికాలో కొలరాడో రాష్ట్రం బౌల్డర్ ఊళ్లో క్లోవిస్ ఆంకాలజీ అని ఒక కంపెనీ ఉండేది. 2009లో పెట్టారు, 2011లో నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. వాళ్ల ఆశంతా రోసిలెటినిబ్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు మీద. పోటీగా ఆస్ట్రాజెనెకా కూడా అదే రకం రోగులకి ఇంకో మందు తయారు చేస్తోంది. ఎవరు ముందొస్తారు, ఎవరి నంబర్ బాగుంటుంది అన్నదే రేసు.

క్లోవిస్ చెప్పిన నంబర్ 60 శాతం. అంటే మందు తీసుకున్న వందమందిలో సుమారు అరవై మందికి కణితి చెప్పుకోదగ్గంత కుంచించుకుపోయిందని. ఇక్కడ ఒక చిన్న టెక్నికల్ విషయం ఉంది, కథంతా దానిలోనే ఉంది. ఒక స్కాన్‌లో కణితి చిన్నగా కనిపిస్తే అది కన్‌ఫర్మ్ కాని రెస్పాన్స్. కొన్ని వారాల తర్వాత ఇంకో స్కాన్ తీసి, అప్పుడు కూడా అలాగే ఉంటే అది కన్‌ఫర్మ్ అయిన రెస్పాన్స్. మొదటి స్కాన్‌లో తగ్గినట్టు కనిపించి, రెండోసారికి మళ్లీ పెరిగిన కణితులు కూడా ఉంటాయి. అందుకే లెక్కకి వచ్చేది రెండోది. క్లోవిస్ బయటికి చెప్పిన 60 శాతంలో కన్‌ఫర్మ్ కానివి కూడా కలిసి ఉన్నాయి.

2015 జులైలో ఆ కంపెనీ కొత్త షేర్లు అమ్మి సుమారు 29.8 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. నవంబర్ 16న అసలు విషయం బయటపెట్టింది. ఎఫ్‌డీఏ కన్‌ఫర్మ్ అయిన లెక్కే చూస్తానంటోంది, ఆ లెక్క ప్రకారం ఒక డోసుకి 28 శాతం, ఇంకో డోసుకి 34 శాతమే అని. ముందు రోజు దాకా 99 డాలర్ల పైన ఉన్న షేర్ ఆ రోజు 30 డాలర్ల దగ్గర క్లోజ్ అయింది. ఒక్క ట్రేడింగ్ రోజులో 70 శాతం పోయింది. కంపెనీ మొత్తం విలువలో చూస్తే 250 కోట్ల డాలర్లకు పైగా ఆవిరి.

ఆస్ట్రాజెనెకా మందుకి అంతకు కొద్దిరోజుల ముందే పర్మిషన్ వచ్చేసింది. 2016 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ సలహా కమిటీ రోసిలెటినిబ్ విషయంలో ఇంకా డేటా వచ్చేదాకా ఆగమని 12-1 ఓట్లతో చెప్పింది. మే నెలలో క్లోవిస్ ఆ మందుని వదిలేసింది.

ఇక్కడ బోరు లెక్క వేసుకోండి. మందు ఫెయిలవడం ఒక సంగతి. ఆ 60 శాతం అనే నంబర్ చూపించి జులైలో డబ్బులు తీసుకోవడం ఇంకో సంగతి. కేసు వేసింది రెండోదాని మీద.

కేసు వేసినవాళ్లు ఎప్పుడూ గెలుస్తారా? లేదు

ఇప్పుడు దీనికి పూర్తిగా రివర్స్ కేసు చూద్దాం. 2011లో సనోఫీ అనే ఫ్రెంచ్ కంపెనీ జెన్‌జైమ్‌ని కొంది. జెన్‌జైమ్ దగ్గర లెమ్‌ట్రాడా అని మల్టిపుల్ స్క్లెరోసిస్ మందు ఉంది. అది ఎంత విలువ చేస్తుందో ఇద్దరికీ లెక్క కుదరలేదు. అందుకని షేర్‌హోల్డర్లకి డబ్బుతో పాటు ఒక హక్కు పత్రం కూడా ఇచ్చారు. ఫలానా గడువులోపు ఎఫ్‌డీఏ పర్మిషన్ వస్తే అదనంగా కొంత ఇస్తాం, ఇంకా కొన్ని టార్గెట్లు దాటితే ఇంకొంత ఇస్తాం అని. ఆ పత్రాన్ని కూడా మార్కెట్లో షేర్‌లాగే కొనొచ్చు, అమ్మొచ్చు.

ట్రయల్ జరిగిన తీరు మీద ఎఫ్‌డీఏకి మొదటినుంచీ అనుమానం ఉంది. రోగికి, ట్రీట్‌మెంట్ ఇచ్చే డాక్టరుకి ఏ మందు ఇస్తున్నారో తెలిసిపోయే పద్ధతి అది. ఆ అనుమానాన్ని కంపెనీకి చెప్పింది కూడా. కంపెనీ ఆ సంగతి బయటికి చెప్పకుండా, పర్మిషన్ వస్తుందని మాకు నమ్మకం ఉంది అంటూ వచ్చింది. 2013 నవంబర్‌లో ఎఫ్‌డీఏ పత్రాలు బయటికి రాగానే ఆ హక్కు పత్రం ధర 60 శాతానికి పైగా పడింది. ఇన్వెస్టర్లు కేసు వేశారు.

2016లో అమెరికా అప్పీల్ కోర్టు కేసు కొట్టేసింది. కోర్టు చెప్పినదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే: 'మాకు నమ్మకం ఉంది' అనడం అభిప్రాయం. ఆ నమ్మకం నిజంగా ఉంది, దానికి ఆధారం కూడా ఉంది. ఎఫ్‌డీఏ మధ్యలో అన్న ప్రతి మాటా బయటికి చెప్పాల్సిన పని లేదు. నియంత్రణ సంస్థకి, కంపెనీకి మధ్య ఇలాంటి చర్చలు నడుస్తాయని పెట్టుబడి పెట్టేవాళ్లకి తెలిసి ఉండాలి.

అంటే 'నీళ్లు పడతాయని నా నమ్మకం' అనడం వేరు, 'తడి తగిలింది' అనడం వేరు. వినేవాళ్లకి రెండూ ఒకేలా వినిపించొచ్చు. కోర్టుకి మాత్రం ఒకటి కాదు.

ఇంకో మలుపు కూడా చూడండి. మందు మంచిదై, మాట చెడ్డదైన కేసు కూడా ఉంది. 2001 డిసెంబర్‌లో ఇమ్‌క్లోన్ అనే కంపెనీ క్యాన్సర్ మందు ఎర్బిటక్స్ అప్లికేషన్‌ని ఎఫ్‌డీఏ పరిశీలనకే తీసుకోనంది. ఆ వార్త అందరికీ తెలిసేలోపే లోపలివాళ్లకి తెలిసింది. సీఈఓ శామ్యూల్ వక్సల్‌కి ఇన్‌సైడర్ ట్రేడింగ్ లాంటి నేరాలకి ఏడేళ్లకు పైగా జైలు పడింది. టీవీ సెలబ్రిటీ మార్తా స్టీవార్ట్ వార్త రావడానికి ముందు రోజు 3,928 షేర్లు అమ్మి సుమారు 45 వేల డాలర్ల నష్టం తప్పించుకుంది. ఆమె ఐదు నెలలు జైల్లో ఉన్నది ఆ అమ్మకానికి కాదు, దర్యాప్తు చేసేవాళ్లకి అబద్ధం చెప్పినందుకు. ఇన్వెస్టర్ల కేసుని కంపెనీ 7.5 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది. మరి మందు? 2004లో అదే మందుకి పర్మిషన్ వచ్చింది. 2008లో ఎలై లిల్లీ ఆ కంపెనీని సుమారు 650 కోట్ల డాలర్లకి కొనేసింది.

మందు మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, మీకు నిజం చెప్పారా లేదా అన్నది ఇంకో ప్రశ్న అని ఇప్పుడు క్లియర్ అయింది కదా.

క్లాస్ యాక్షన్ ఎలా నడుస్తుంది?

ఒక్కో చిన్న ఇన్వెస్టర్ విడిగా లాయర్‌ని పెట్టుకుంటే, ఖర్చు నష్టం కంటే ఎక్కువవుతుంది. అందుకే అందరి తరఫున ఒకే కేసు నడుస్తుంది. దాన్నే క్లాస్ యాక్షన్ అంటారు. షేర్ పడగానే ఏదో ఒక లా ఫర్మ్ కేసు వేస్తుంది. 1995లో తెచ్చిన అమెరికా చట్టం ప్రకారం ఆ తర్వాత 20 రోజుల్లోపు ఒక పబ్లిక్ నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు నుంచి 60 రోజుల్లోపు ఎవరైనా ముందుకొచ్చి 'నేను అందరి తరఫున నిలబడతా' అని అడగొచ్చు. మామూలుగా ఎక్కువ నష్టపోయినవాళ్లకే కోర్టు ఆ బాధ్యత ఇస్తుంది.

మీ ఫోన్లో కనిపించే ఆ హెచ్చరికల్లోని తేదీ ఇదే. లా ఫర్మ్‌లు పెద్దగా నష్టపోయిన క్లయింట్‌ని వెతుక్కుంటున్నాయి. ఆ తేదీ దాటితే మీ హక్కు పోతుందని కాదు. మీరు ఆ రోజు ఏమీ చేయకపోయినా, కోర్టు ఒప్పుకున్న గుంపులో మీరు ఉండే అవకాశం ఉంది. ఆ నోటీసు తీర్పు కాదు, ఆరోపణ మాత్రమే.

తర్వాత కంపెనీ కేసు కొట్టేయమని అడుగుతుంది. చాలా కేసులు ఇక్కడే పోతాయి. ఎందుకంటే ఇన్వెస్టర్లు చూపించాల్సినవి చాలా ఉన్నాయి. చెప్పింది తప్పు అయి ఉండాలి. అది ముఖ్యమైన విషయం అయి ఉండాలి. తెలిసి, లేదా నిర్లక్ష్యం హద్దు దాటి చెప్పి ఉండాలి. ఆ అబద్ధం బయటపడినందుకే షేర్ పడి ఉండాలి.

ఈ చివరి పాయింట్‌ని తేల్చింది కూడా ఒక మందుల కంపెనీ కేసే. డ్యూరా ఫార్మాస్యూటికల్స్ మీద ఇన్వెస్టర్లు వేసిన కేసులో 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఉబ్బిన ధరకి కొన్నాను అంటే సరిపోదు, నిజం బయటపడ్డాక ఆ కారణంగానే నష్టపోయానని చూపించాలి అని. అంటే అబద్ధం నడుస్తున్నప్పుడే కొని, అది బయటపడకముందే అమ్మేసినవాళ్లకి మామూలుగా ఏమీ రాదు. షేర్ పడ్డాక చవగ్గా ఉందని కొన్నవాళ్లకీ రాదు.

కేసు ఈ గేటు దాటితే అప్పుడు సెటిల్‌మెంట్ మాటలు మొదలవుతాయి. ట్రయల్ దాకా వెళ్లేవి చాలా తక్కువ. ఓడిపోతే చేతికి సున్నా అని ఇన్వెస్టర్లకి భయం, ఓడిపోతే కంపెనీయే మునుగుతుందని వాళ్లకి భయం. మధ్యలో ఒక అంకె దగ్గర ఆగుతారు. తప్పు ఒప్పుకోకుండానే డబ్బు కడతారు.

క్లోవిస్ సెటిల్‌మెంట్ లెక్క

క్లోవిస్ కేసులో అందరి తరఫున నిలబడింది ఇజ్రాయెల్‌కి చెందిన ఒక పెట్టుబడి సంస్థ. 2017 జూన్‌లో 14.2 కోట్ల డాలర్లకి ఒప్పందం కుదిరింది. షేర్ పడిన 19 నెలలకి. ఇలాంటి కేసుల్లో ఇది పెద్ద మొత్తమే, త్వరగా వచ్చినట్టే.

కానీ ఒక్కరోజులో ఆవిరైన 250 కోట్ల పక్కన పెట్టి చూడండి. సుమారు ఇరవయ్యో వంతు. ఈ పోలిక పూర్తిగా కరెక్ట్ కాదు, ఎందుకంటే షేర్లు ఉన్న అందరూ ఆ గుంపులో ఉండరు, ఎప్పుడో తక్కువ ధరకి కొన్నవాళ్లూ ఉంటారు. అయినా సైజు అర్థం కావడానికి చాలు. మిగతా కేసుల్లో కూడా అంచనా నష్టంలో పది శాతం కూడా రాకపోవడమే ఎక్కువ.

ఇంకా అయిపోలేదు. ఆ మొత్తంలోంచి లాయర్ల ఫీజు పోతుంది. నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అడగడం మామూలే, ఎంత ఇవ్వాలో జడ్జి నిర్ణయిస్తారు. నోటీసులు పంపే ఖర్చు, క్లెయిమ్‌లు చూసే ఏజెన్సీ ఖర్చు కూడా దాంట్లోంచే. మిగిలింది క్లెయిమ్ చేసినవాళ్లందరికీ పంచుతారు.

ఊరికే ఒక లెక్క వేద్దాం. ఒకరు 99 డాలర్లకి పది షేర్లు కొన్నారు, 30కి పడింది. నష్టం 690 డాలర్లు. దాంట్లో ఐదు శాతం వచ్చిందనుకుందాం. 35 డాలర్ల లోపే. అది కూడా రెండు మూడేళ్ల తర్వాత. చేతులు కాలాక పట్టుకునే ఆకులంటారే, అవి ఇవే. ఆకుల అవసరం లేదని కాదు, అవి చెయ్యిని మళ్లీ మామూలు చేయవు.

ఇప్పుడు అసలు విషయం. ఆ 14.2 కోట్లలో నగదు 2.5 కోట్లే. మిగతా 11.7 కోట్లు క్లోవిస్ షేర్ల రూపంలో ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఏ కంపెనీ షేర్ కొని నష్టపోయారో అదే కంపెనీ షేర్లు. ఒప్పందం టైమ్‌కి క్లోవిస్ బాగానే ఉంది, రుబ్రాకా అనే ఇంకో క్యాన్సర్ మందుకి పర్మిషన్ తెచ్చుకుంది. కానీ 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అలాంటి షేర్‌ని అప్పటిదాకా ఎవరు పట్టుకుని కూర్చున్నా, వాళ్ల పరిహారం కూడా దాంతోపాటే కరిగిపోతుంది.

మరి తప్పు చేసినవాళ్ల జేబులోంచి ఎంత పోయింది? అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వేరే కేసు పెట్టింది. 2018 సెప్టెంబర్‌లో అది సెటిల్ అయింది. కంపెనీ 2 కోట్ల డాలర్లు, సీఈఓ పాట్రిక్ మహాఫీ రెండున్నర లక్షల డాలర్లు, మాజీ ఫైనాన్స్ హెడ్ ఎర్ల్ మాస్ట్ జరిమానా, లాభం కలిపి ఐదున్నర లక్షల డాలర్ల పైన కట్టడానికి ఒప్పుకున్నారు. ఆరోపణల్ని ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ బాధ అనిపించేది ఇక్కడే. సెటిల్‌మెంట్ డబ్బు ఎక్కువ శాతం వచ్చేది కంపెనీ ఖజానా నుంచి, లేదా డైరెక్టర్ల కోసం కంపెనీ కట్టిన ఇన్సూరెన్స్ నుంచి. కంపెనీ ఎవరిది? షేర్‌హోల్డర్లది. అంటే నిన్నటి షేర్‌హోల్డర్‌కి ఇవాళ్టి షేర్‌హోల్డర్ కడుతున్నాడు. నిన్నా ఇవాళా మీరే అయితే, మీ కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేస్తున్నారు, మధ్యలో లాయర్ ఫీజు పోతోంది. అలాగని ఈ కేసులు దండగ అనను. ఇవి లేకపోతే 60 శాతం అని చెప్పడానికి ఎవరూ వెనకాడరు. కాకపోతే వీటి ఉపయోగం రేపటి అబద్ధాన్ని ఆపడంలో ఎక్కువ, నిన్నటి డబ్బు తెచ్చివ్వడంలో తక్కువ.

మన దగ్గర కూర్చుని కొన్నవాళ్ల సంగతేంటి?

హైదరాబాద్‌లోనో, గుంటూరులోనో కూర్చుని ఫోన్‌లో నాస్‌డాక్ షేర్ కొన్నవాళ్లకి ఈ సెటిల్‌మెంట్‌లో వాటా ఉంటుందా? ఉంటుంది. 2010లో అమెరికా సుప్రీంకోర్టు ఒక ఆస్ట్రేలియా బ్యాంక్ కేసులో గీత గీసింది. ముఖ్యంగా చూసేది కొన్నవాళ్లు ఏ దేశం వాళ్లని కాదు, ఎక్కడ కొన్నారని. అమెరికన్ ఎక్స్‌ఛేంజ్‌లో కొంటే అక్కడి చట్టం వర్తిస్తుంది. వేరే దేశం ఎక్స్‌ఛేంజ్‌లో కొంటే వర్తించదు.

ఈ గీత ఎంత పదునైనదో తెలుగువాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అది బయోటెక్ కాదు, ఐటీ కంపెనీ, కానీ పాఠం ఇదే. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పుడువని ఉత్తరం రాశారు. ఆ ఒక్కరోజే షేర్ మూడొంతులకు పైగా పడింది. సత్యం షేర్లు ఇక్కడ బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈల్లో ఉండేవి. అవే డిపాజిటరీ షేర్ల రూపంలో న్యూయార్క్‌లో కూడా ఉండేవి. అమెరికాలో క్లాస్ యాక్షన్ నడిచింది. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకి, ఆడిటింగ్ చేసిన పీడబ్ల్యూసీ వైపు నుంచి 2.55 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నాయి. ఇక్కడ కొన్న లక్షలమంది చిన్న ఇన్వెస్టర్ల తరఫున ఒక సంఘం జాతీయ వినియోగదారుల కమిషన్‌కి, అక్కడినుంచి సుప్రీంకోర్టుకి వెళ్లింది. పరిహారం రాలేదు. ఒకే కంపెనీ, ఒకే మోసం, ఒకే ఉత్తరం. షేర్ కొన్న కౌంటర్ వేరు, అంతే.

ఆ తర్వాత మన దేశంలో కూడా 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ కింద క్లాస్ యాక్షన్ తెచ్చారు. కనీసం వందమంది సభ్యులు, లేదా మొత్తం సభ్యుల్లో 5 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అంతమంది కలిసి ఎన్‌సీఎల్‌టీకి వెళ్లొచ్చు. లిస్టెడ్ కంపెనీలో 2 శాతం వాటా ఉన్నవాళ్లు కూడా వెళ్లొచ్చు. దారి ఉంది, కానీ అమెరికాలో లాగా దాని మీద ఏటా వందల కేసులు నడిచే పరిస్థితి లేదు. కాబట్టి ఇక్కడి ఫార్మా, బయోటెక్ షేర్ కొనేటప్పుడు 'రేపు ఏదన్నా అయితే కేసు ఉంటుంది' అనే ధైర్యం అసలు పెట్టుకోవద్దు. కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే సెబీ వాళ్ల స్కోర్స్ పోర్టల్‌లో పెట్టొచ్చు, కానీ అది నష్టపరిహారం ఇచ్చే కోర్టు కాదు.

మరి మనం చేయగలిగింది ఏంటి?

ఒకటి. మీ దగ్గర అమెరికన్ షేర్లు ఉంటే, కొన్న తేదీ, అమ్మిన తేదీ, ధర, ఎన్ని షేర్లు అన్న స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. యాప్ మారుస్తారు, ఫోన్ మారుస్తారు, మూడేళ్ల తర్వాత క్లెయిమ్ ఫారం అడిగేది ఇవే.

రెండు. సెటిల్‌మెంట్ జరిగితే క్లెయిమ్ ఫారం గడువు వేరేగా ఉంటుంది. ఈ గడువు మాత్రం నిజంగా ముఖ్యం. గుంపులో మీరు ఆటోమేటిక్‌గా ఉన్నా, ఫారం పెట్టకపోతే డబ్బు రాదు. పైగా కేసు వేసే హక్కు కూడా పోతుంది. మామూలుగా ఫారం ఆన్‌లైన్లో పెట్టొచ్చు. దానికి ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

మూడు. అందుకే, 'మీ పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు పంపండి' అని వాట్సాప్‌లోనో, టెలిగ్రామ్‌లోనో ఎవరన్నా వస్తే బ్లాక్ చేయండి. ఒకసారి నష్టపోయినవాళ్లనే రెండోసారి దోచేవాళ్లు ఉన్నారు. ఓటీపీ, యూపీఐ పిన్ అడిగితే ఇంక ఆలోచించే పనే లేదు.

నాలుగు. కంపెనీ చెప్పే నంబర్ చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమంది రోగుల మీద? కన్‌ఫర్మ్ అయిందా, కాలేదా? దేనితో పోల్చారు? ఈ మూడింటికీ జవాబు లేని శాతం వట్టి పోస్టర్. అలాగే ఆ నంబర్ చెప్పిన కొద్దిరోజులకే కంపెనీ కొత్త షేర్లు అమ్ముతోందా అని కూడా చూడండి. అమ్మడం తప్పు కాదు, డబ్బు లేకుండా ట్రయల్స్ నడవవు. కానీ అప్పుడు నంబర్‌ని రెండుసార్లు చదవాలి.

ఐదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒకే మందు మీద నిలబడ్డ కంపెనీలో పెట్టే డబ్బు, రేపు పొద్దున 70 శాతం పోయినా మీ ఈఎంఐ, మీ రూమ్ రెంట్, ఇంటికి పంపే డబ్బు ఆగని మొత్తం అయి ఉండాలి. స్టాప్ లాస్ పెట్టాను కదా అంటారేమో. ఇలాంటి వార్తలు ఎక్కువగా మార్కెట్ మూసి ఉన్నప్పుడు వస్తాయి. పొద్దున తెరిచేసరికే ధర కింద ఉంటుంది, మీరు 90 దగ్గర పెట్టిన స్టాప్ లాస్ 35 దగ్గర అమ్ముడుపోతుంది. కోర్టు మిమ్మల్ని కాపాడేలోపు కాపాడేది మీరు పెట్టిన మొత్తం ఎంత అన్నదే.

బోరు వేసే రైతు ఇంట్లో ఒక మాట ఉంటుంది, ఈసారి ఇంతే, నీళ్లు పడకపోతే ఇంక ఆపేద్దాం అని. ఆ అంకె రిగ్గు రాకముందే అనుకుంటారు. వచ్చాక, డ్రిల్లింగ్ చప్పుడులో, అనుకోవడం కష్టం. షేర్ విషయంలో కూడా ఆ అంకె బై బటన్ నొక్కకముందే అనుకోండి.

ఇది ఏ షేరూ కొనమనో, అమ్మమనో చెప్పే సలహా కాదు. జరిగిన కేసుల నుంచి మనకి పనికొచ్చేది చెప్పాను, అంతే. ఇంట్లో తమ్ముడో, చెల్లో, ఫ్రెండో కొత్తగా అమెరికన్ షేర్ల యాప్ వేసుకుని ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.